ఉండనిచ్చినందుకు కేకు

‘మంచు కొలిచే మనిషి’ – తొమ్మిదో భాగం

పోయిన వారం హిస్కెను ఓవెన్ ముందు ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి వచ్చాం. కేకు పొంగుతోంది, ఆవిడ ఏడవడం లేదు. రెండూ శుభసూచకాలే అనుకున్నాం.

ఇన్నాళ్ల కథా మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఫ్రీస్లాండ్ అనే చలిసీమలో హెల్మెర్‌జీల్ అని ఓ చిన్న ఊరు. ఆవులు ఎక్కువ, మాటలు తక్కువ. అక్కడ హార్మెన్ పాడిరైతు. చలికాలం వస్తే మాత్రం స్కేటింగ్ సంఘం తరఫున మంచు కొలిచే మనిషి. కాలువ గడ్డకట్టగానే అందరికంటే ముందు ఆయనే దిగుతాడు. మంచుకి కన్నం పెట్టి, కొక్కెం దింపి, మందం చూసి, ఒడ్డు మీద బూట్లు బిగించుకుని నిలబడ్డ ఊరికి ఒకే ఒక్క మాట చెబుతాడు. నిలుస్తుంది, లేదా నిలవదు. ‘నిలవొచ్చు’ అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. అలాంటి మనిషి జలుబని మొదలెట్టి, న్యుమోనియా దాకా వెళ్లి, ఊరి ఆసుపత్రి ఐసీయూలో వెంటిలేటర్ మీద పడుకున్నాడు. గొంతులో గొట్టం వేసే ముందు ఆయన దగ్గరికి పిలిపించుకున్నది పెళ్లాం హిస్కెని కాదు, తమ్ముడు విబ్రెన్‌ని. ఎందుకని హిస్కె అడగలేదు. అడగకుండా ఉండటంలో ఆవిడది అందె వేసిన చెయ్యి.

పైగా అది ఆయన కాపాడిన ఐసీయూ. దాన్ని ఎత్తేస్తామని పైవాళ్లు అన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఊరి ట్రాక్టర్లన్నీ పెద్ద రోడ్డుకి అడ్డంగా పెట్టించారు. ‘మన మంచం మన ఊళ్లోనే’ అని గొంతులు చించుకున్నారు. చివరికి రాజీ కుదిరింది. ఐసీయూ అన్న బోర్డు ఉంటుంది, స్థాయి తగ్గుతుంది. ఆ దేశంలో ఐసీయూలకి మూడు మెట్లు. మూడోది పైమెట్టు, ఒకటోది అడుగుమెట్టు. ‘మీది ఇకనుంచి ఒకటో స్థాయి’ అని కబురు రాగానే ఊళ్లో సగం మంది ఫస్టు ర్యాంకు వచ్చిందనుకుని బీరు తాగారు. తక్కిన సగం మంది సంగతి అర్థమయ్యాక తాగారు.

ఆ ఆసుపత్రిలో ఇంకో పద్ధతి ఉంది. ఒక్కో రోగి తరఫున ఇంటిల్లిపాదితోనూ మాట్లాడరు. ఒక్క మనిషిని ఎంచుకోమంటారు. ఏ కబురైనా ఆ మనిషికే, ఏ ప్రశ్నైనా ఆ మనిషినే. ఫోనంటే పడని హిస్కె ఆ పని మరిదికి అప్పజెప్పేసింది. విబ్రెన్‌కి మాట్లాడటమంటే ఆవుకి పచ్చగడ్డి. అందుకని మొగుడి ఊపిరితిత్తుల సంగతి కూడా ఆవిడకి మరిది నోటి మీదుగానే చేరుతూ వచ్చింది. మొదటి రోజు నుంచీ ఆవిడ భయమంతా ఒక్కటే. ఇవాళో రేపో ఆయన్ని నగరంలోని పెద్దాసుపత్రికి పంపేస్తారు, ఆ బండి ప్రయాణంలోనే ఆయన దక్కడు అని. ఇవాళ పొద్దున విబ్రెన్ ఫోన్ చేశాడు.

“ఉండనిచ్చారు వదినా! నగరానికి పంపడం లేదట. గెలిచాం!”

కేకు ఆ సంతోషానికి.

*

ఆ ఊళ్లో మంచి జరిగితే, జరిగినవాళ్లే అందరికీ తీపి పెట్టాలి. పుట్టినరోజైనా, ఉద్యోగమొచ్చినా, ఆవు ఈనినా అంతే. హిస్కె పెద్ద డబ్బాని సైకిలు వెనక కట్టుకుని ఎదురుగాలిలో తొక్కుకుంటూ వచ్చింది. ఆ ప్రాంతంలో గాలి ఎప్పుడూ ఎదురుగానే వీస్తుంది. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ. డబ్బాలో నారింజ తొక్కు, సోంపు వేసి చేసిన బల్లపరుపు కేకు, పైన గులాబీ రంగు చక్కెర పూత. ఆ పూత ఉందంటే ఏదో శుభకార్యమని పసిపిల్లాడికి కూడా తెలుసు.

కాఫీ వేళకి సరిగ్గా ఐసీయూ తలుపు దగ్గర గంట నొక్కింది. నర్సు సీత్స్కె తీసింది. ఇద్దరూ ఒకే పాటల బృందంలో పాడేవాళ్లు. ఒకరి అపశ్రుతులు ఒకరికి కంఠతా.

“ఏంటే ఇంత పెద్ద డబ్బా? ఆయనకి సూప్ తెచ్చావా ఏంటి, ముక్కు గొట్టంలోంచి పోద్దామని?”

“సూప్ కాదు. మీకే. ఉండనిచ్చారుగా.”

సీత్స్కె నవ్వబోయింది. నవ్వు పెదాల దాకా వచ్చి, అక్కడ ఎవర్నో చూసినట్టు ఆగిపోయింది. “ఎవరన్నారు?” అంది.

“విబ్రెన్. పొద్దున.”

“ఏమన్నాడు? అచ్చంగా ఏమన్నాడు?”

“ఉండనిచ్చారు, పంపడం లేదు అన్నాడు. అబద్ధమా?”

“అబద్ధం కాదు,” అంది సీత్స్కె. డబ్బా అందుకోవడానికి చేతులు చాపింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఎవరైనా తినేది ఇస్తే కాదనే మనిషి కాదామె. పాటల బృందంలో బిస్కెట్ల డబ్బా ఆమె చేతికి వెళ్తే ఖాళీగానే తిరిగొచ్చేది. “నువ్వెళ్లి ఆయన దగ్గర కూర్చో. డాక్టరు గారిని పిలుస్తా.”

“కేకో?”

“ముందు కూర్చో హిస్కె.”

హిస్కె డబ్బా పట్టుకునే లోపలికి నడిచింది. ఉన్నవే కొద్ది మంచాలు, ఒకదాని మీదే మనిషి. హార్మెన్ మొహం ఉబ్బి, తనకి తనే ఎవరో దూరపు చుట్టంలా ఉన్నాడు. వెంటిలేటర్ పాలు పితికే మెషీన్‌లాగే చప్పుడు చేస్తోంది. పీల్చడం, వదలడం. జీవితమంతా ఆ చప్పుడు మధ్యనే బతికిన మనిషి, ఇప్పుడు దాని రెండో కొసన పడుకున్నాడు. హిస్కె ఆయన చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా, నున్నగా, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఆ గోళ్ల శుభ్రం చూసి ఆవిడకి ఇంకో కొత్త భయం మొదలైంది.

“నీ ఐసీయూలోనే ఉంచారయ్యా,” అంది చెవి దగ్గర. “ఇంక ఊరికే పడుకోకు. నీ ఆవులకి నా పాటలంటే పడటం లేదు.”

మెషీన్ పీల్చింది, వదిలింది.

*

డాక్టర్ ఎల్బర్స్ ఇంటివాళ్లతో మాట్లాడే గదిలోకి తీసుకెళ్లాడు. ప్రతి ఆసుపత్రిలోనూ అలాంటి గది ఒకటుంటుంది. మెత్తటి కుర్చీలు, ఎవరూ నీళ్లు పొయ్యనక్కర్లేని మొక్క, చేతికందేలా టిష్యూల పెట్టె. గోడ మీద గడ్డకట్టిన కాలువ ఫొటో. ఆయన దక్షిణాది నుంచి వచ్చినవాడు. అక్కడివాళ్లు చెడ్డ కబురుకి కూడా కాస్త వెన్న రాసి ఇస్తారని ఫ్రీస్లాండ్‌లో ఎగతాళి.

హిస్కె కేకు డబ్బాని బల్ల మీద, టిష్యూల పెట్టెని పక్కకి జరిపి పెట్టింది.

“హిస్కె గారూ, ఈ వార్డు గురించి మీకెంత తెలుసు?”

“మా ఆయన దీని కోసం ట్రాక్టర్ మీద నిలబడి గొంతు పోగొట్టుకున్నాడు. ఆ వారమంతా ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆ మాత్రం తెలుసు.”

డాక్టరు కొంచెం నవ్వాడు. “మాది ఒకటో స్థాయి. అంటే ఆపరేషన్ అయినవాళ్లని కనిపెట్టి చూడటం, ఊపిరి అందనివాళ్లకి కొద్దిరోజులు మెషీన్ పెట్టడం, అంతవరకే. ఎక్కువ రోజులు పట్టేటట్టున్నా, ఊపిరితిత్తులతో పాటు ఇంకొకటేదైనా మొరాయించినా, పై స్థాయికి పంపెయ్యాలి. రూలు అది. కిడ్నీల పని చేసే మెషీన్ మా దగ్గర లేదు. సాయంత్రం అయిందంటే నాలాంటివాడు ఇంటికెళ్లి ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటాడు. పైన అలా కాదు, మనిషి అక్కడే ఉంటాడు.”

“మా వంటింట్లో ఒక పొయ్యి, కల్యాణమండపంలో గాడిపొయ్యి. అంతేగా?”

“అంతే.”

“మరి పెళ్లికి సరిపడా వంట ఉన్నప్పుడు ఆయన్ని ఒంటిపొయ్యి మీద ఎందుకుంచారు? రూలు మార్చారా?”

“మార్చలేదు.”

ఆ జవాబు చిన్నదే. అయినా హిస్కె దాని చుట్టూ ఒకసారి తిరిగి రావలసి వచ్చింది. బయట ఎవరో కాఫీ బండి తోసుకుంటూ పోయారు. కప్పులు గలగలలాడాయి.

“గడువు దాటినా ఇక్కడ ఉంచేది రెండు రకాల వాళ్లని,” అన్నాడు డాక్టరు. “రేపో ఎల్లుండో మెషీన్ తీసేసి మామూలు వార్డుకి పంపగలిగినవాళ్లని.”

“అయితే ఆయన…”

“ఆ రకం కాదు.”

రెండో రకం ఏమిటని ఆవిడ అడగలేదు. చెప్పాంగా, అందులో అందె వేసిన చెయ్యి. ఆయనే చెప్పుకుపోయాడు. కిడ్నీలు ఆగిపోయాయని, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, పొద్దున నగరంలో డాక్టర్లతో చాలాసేపు మాట్లాడానని, వాళ్ల దగ్గర ఎంత పెద్ద మెషీన్లున్నా ఇప్పుడు వాటితో చేసేదేమీ మిగల్లేదన్నారని, బండిలో ఎక్కిస్తే దారి కూడా దాటరేమోనని, అలాంటప్పుడు కదపకపోవడమే మంచిదని. ఒక్కో వాక్యానికీ ఒక పూత వెన్న. ‘అయినా’, ‘ఒకవేళ’, ‘మేం చూస్తూనే ఉంటాం’.

హిస్కె గోడ మీది కాలువ వంక చూస్తూ వింది. ఆ ఫొటోలో మంచు నల్లగా, నున్నగా ఉంది. హార్మెన్ అలాంటి మంచునే నమ్మేవాడు. తెల్లమంచు లోపల గాలి ఉంటుంది, పైకి అందంగా కనబడి మోసం చేస్తుంది అనేవాడు.

“డాక్టరు గారూ,” అంది. “మా ఊళ్లో మంచు కొలిచాక ఒడ్డుకి వచ్చి ఒక్క మాట చెప్పాలి. దానికి తోక ఉండకూడదు. నలుగురూ దాని మీద పిల్లల్ని దింపుతారు కనక. మీరు కొలిచారు కదా. చెప్పండి.”

డాక్టర్ ఎల్బర్స్ కళ్లజోడు తీశాడు, తుడవలేదు, మళ్లీ పెట్టుకున్నాడు.

“నిలవదు,” అన్నాడు.

ఆ ఒక్క మాటకి హిస్కె ఆయన్ని గౌరవించింది. ఏడుపూ, మిగతావన్నీ తర్వాత ఎప్పుడో వస్తాయి. అన్నట్టు, గులాబీ రంగు పూత గురించి ఆలోచన అప్పుడే వచ్చింది. మొగుణ్ని ఇంక బతికించలేమన్నందుకు వార్డంతటికీ తీపి తెచ్చింది తను. సీత్స్కె చేతులు ఎందుకు వెనక్కి పోయాయో తెలిసింది. నర్సులు వార్డు వంటింట్లో కూర్చుని ఏం మాట్లాడుకుంటూ ఉంటారో కూడా తెలిసింది.

“మొదట్లోనే పంపేసి ఉంటే?” అంది. అడగకూడని ప్రశ్న అని నోరు దాటాకే తెలిసింది.

డాక్టరు ఆశ్చర్యంగా చూశాడు. “ఆ సంగతి మీ ఇంట్లో మాట్లాడుకునే వద్దన్నారు కదా.”

“ఏ సంగతి?”

“ఆదివారం. నగరంలో మంచం దొరికింది. అక్కడివాళ్లు ఒప్పుకున్నారు కూడా. అప్పటికి కిడ్నీలు ఇంకా పని చేస్తున్నాయి. పంపేముందు ఇంటివాళ్లని అడగడం మా పద్ధతి. విబ్రెన్ గారిని అడిగాను. హార్మెన్ గారికి నగరం వెళ్లడం ఇష్టం లేదన్నారు. ఆ మాట ఆయన ట్రాక్టర్ మీంచి అనగా నేనే విన్నాను, నన్ను నా ఊళ్లోంచి మోసుకెళ్లొద్దని. అయినా రెండోసారి అడిగాను. ఇల్లంతా ఒక్క మాట మీదే ఉన్నాం అన్నారు.”

హిస్కె చుట్టూ చూసింది, ఆ ఇల్లంతా ఎక్కడుందో అన్నట్టు.

“పంపితే బతికేవాడా?”

“చెప్పలేను. నిజంగానే చెప్పలేను. ఆ రోజు మంచు పల్చగా ఉంది. ఇవాళ అసలు లేదు.” ఆయన గొంతు తగ్గింది. “మిమ్మల్ని నేరుగా అడిగి ఉండాల్సింది. ఒక్కరితోనే మాట్లాడాలన్న పద్ధతిని పట్టుకుని కూర్చున్నాను.”

“ఆ పద్ధతి నాకూ సుఖంగానే ఉండేది,” అంది హిస్కె.

*

తలుపు కొట్టకుండా తోసుకొచ్చేవాడు ఆ ఊళ్లో ఒక్కడే. విబ్రెన్. ట్రాక్టర్ల రోజున వేసుకున్న ఆ పసుపుపచ్చ కోటే వేసుకున్నాడు. చంకలో చుట్టిన బ్యానరు, వెనకాల మెడలో కెమెరా వేలాడుతున్న ఊరి పత్రిక అమ్మాయి.

“ఇక్కడున్నావా వదినా! నీ కోసం వార్డంతా వెతికాను. ఈ పిల్ల ఒక ఫొటో తీసుకుంటుందట. అన్నయ్యని కాదులే, మనల్ని, తలుపు మీద బోర్డు కనబడేలాగ. ‘ఒకటో స్థాయి అయితేనేం, మన మనిషిని మనమే చూసుకున్నాం’ అని హెడ్డింగు పెడతారట.” బల్ల మీద డబ్బా కనబడింది. “అరె, కేకు కూడా తెచ్చావా! అది చేత్తో పట్టుకో, ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది.”

డాక్టర్ ఎల్బర్స్ లేచాడు. పత్రిక అమ్మాయి ఆయన మొహం చూసి కెమెరా మీద చెయ్యి పెట్టేసింది. ఆ పిల్లకి ఫొటోలు తీయడం రాకపోయినా మొహాలు చదవడం వచ్చు. ఇద్దరూ బయటికి నడిచారు.

“ఏంటి, అందరూ లేచిపోతున్నారు?” అన్నాడు విబ్రెన్.

“కూర్చో. కాఫీ వేళైంది. ఒక ముక్క తిను.”

హిస్కె డబ్బా మూత తీసింది. సొరుగులో ఉన్న ఆసుపత్రి చాకు దొరికింది. వెన్నని కూడా బతిమాలుకోవలసిన చాకు అది. ఒక ముక్క కోసింది. కోసి, అతనికి ఇవ్వలేదు. ముక్కని ఎడమ అరచేతిలో పెట్టుకుని, చాకు అడ్డంగా పట్టుకుని, పైనున్న గులాబీ పూతని మెల్లగా గీకడం మొదలుపెట్టింది. పూత పొరలు పొరలుగా వచ్చి బల్ల మీద పడింది. చివరికి అరచేతిలో మిగిలింది పూతా రంగూ లేని ఒట్టి కేకు ముక్క.

ఆ ఊళ్లో అలాంటి ముక్క ఒక్కచోటే పెడతారు. శవాన్ని సాగనంపి, చర్చి పక్క హాల్లో అందరూ కోట్లు విప్పకుండా కూర్చున్నప్పుడు, కాఫీతో. ఏ సందర్భమో పూత చెబుతుంది. పూత లేకపోవడమూ చెబుతుంది.

విబ్రెన్ ఆ ముక్క వంక చూశాడు. చంకలో బ్యానరు జారి కిందపడింది. వంగి తియ్యలేదు.

“ఎప్పుడు?” అన్నాడు.

“ఇంకా కాలేదు. మెషీన్ పీలుస్తోంది, వదుల్తోంది. అందుకే ఉండనిచ్చారు. బాగవుతున్నవాణ్ని ఉంచుతారు, ఇంక చేసేదేం లేనివాణ్ని ఉంచుతారు. నువ్వు ఆ రెండోది వినలేదు.”

“డాక్టరు ఉంచుతాం అన్నాడు. నేను…”

“వినాలనుకున్నదే విన్నావు. సరే, చెవుడు మీ వంశంలోనే ఉంది. ఆదివారం సంగతి చెప్పు.”

అతను బల్ల మీద రాలిన చక్కెర పొరల్ని వేలితో ఒక దగ్గరికి తోస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు తిట్లు తినేటప్పుడు కూడా ఇలాగే ఏదో ఒకటి సర్దుతూ కూర్చునేవాడని అత్తగారు చెప్పేది.

“నగరంలో మంచం దొరికిందట,” అంది హిస్కె. “బతికే దారి ఒకటి తలుపు దాకా వచ్చిందట. నువ్వు వద్దన్నావట. ఇల్లంతా ఒక్క మాట మీదున్నామన్నావట. ఆ ఇంట్లో నేనెక్కడున్నాను విబ్రెన్? పాకలోనా?”

“వదినా…”

“ఒక బోర్డు కోసమా? ఆయన్ని ఇక్కణ్నించి మోసుకెళ్తే నీ బోర్డు పరువు పోతుందనా?”

విబ్రెన్ తల అడ్డంగా ఊపాడు. పెద్ద మనిషి, ఎద్దుల్ని ముక్కుతాడు పట్టి నడిపించేవాడు. కళ్లల్లోంచి నీళ్లు చక్కెర మీద పడ్డాయి. ఆవిడ టిష్యూల పెట్టెని అతని వైపు జరపలేదు.

“బోర్డు కోసమైతే అదే చెప్పేవాణ్ని,” అన్నాడు. “తిట్టించుకునేవాణ్ని. దాని కోసం కాదు. మంచం వద్దన్నది నేను కాదు వదినా.”

“మరెవరు?”

“అన్నయ్యే.”

గోడకవతల మెషీన్ పీల్చింది, వదిలింది. ఈ గదిలోంచి కూడా వినబడుతుందని హిస్కె అంతవరకు గమనించలేదు.

“గొట్టం వేసే ముందు నన్ను పిలిచాడు చూడు. ఊపిరాడటం లేదు, ఒక్కో మాటకీ ఆగుతున్నాడు. ఏం జరిగినా నన్ను నగరంలో ఆ పెద్దాసుపత్రిలో మాత్రం చేర్పించకు అన్నాడు. ట్రాక్టర్ మీద అరిచినట్టు కాదు. బతిమాలాడు. అన్నయ్య నన్ను బతిమాలటం నేనెప్పుడూ చూళ్లేదు. ఎందుకన్నయ్యా అంటే చెప్పాడు. చెప్పి, ఆ సంగతి నీకు మాత్రం తెలియనివ్వనని నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.”

హిస్కె అరచేతిలోని ఒట్టి ముక్కని బల్ల మీద పెట్టింది. చాకు పక్కన పెట్టింది. చేతులు దులుపుకుంది.

“ఆ పెద్దాసుపత్రిలో ఏముంది?” అంది.

విబ్రెన్ లేచి వెళ్లి, తన జన్మలో మొదటిసారి, ఒక తలుపుని చప్పుడు కాకుండా మూశాడు.

“ఏముంది కాదు వదినా,” అన్నాడు. “ఎవరున్నారని అడుగు.”